అద్దాల క్వార్టర్లో పగటి నిద్ర

రాత్రంతా పనిచేసి పగలు నిద్రపోయే మనిషికి అద్దాల ఇల్లు ఇచ్చిన వాళ్ల తెలివిని మెచ్చుకోవాలంటే, ముందు ఆ ఇల్లు ఎలా ఉంటుందో చెప్పాలి.

కొండల వెనక ఆ ఉక్కు కర్మాగారం టౌన్‌షిప్ కట్టి అరవై ఏళ్లయింది. అప్పట్లో పెద్దవాళ్లకి అన్నీ కొత్తగా ఉండాలని మహా ఉబలాటం. దేశం కాని దేశంలో చదువుకొచ్చిన ఒక ఆర్కిటెక్టుని పిలిచి, కొత్త యుగానికి తగిన ఇళ్లు కట్టమన్నారు. ఆయన కట్టాడు. పొడుగ్గా, నేలబారుగా, బల్లపరుపు కప్పుతో కట్టాడు. రోడ్డు వైపు గోడంతా అద్దమే. పెరటి వైపూ అద్దమే. హాల్లో మొదలైన రాతిగోడ అద్దాన్ని దాటుకుని వెళ్లి తోటలో ఎక్కడో ఆగుతుంది. వరండా కప్పుకి గుండ్రంగా ఒక కన్నం. అందులోంచి ఒక చెట్టు పైకి పోతుంది, వర్షం కిందికి వస్తుంది. మనిషి ఇంట్లో ఉన్నాడో తోటలో ఉన్నాడో ఆ మనిషికే తెలియకుండా బతకాలన్నది ఆయన ఆశయం. ఆశయం గొప్పదే, కాదనలేం. ఆయన మాత్రం ఆ ఇళ్లలో ఒక్క పూట కూడా ఉండలేదు.

ఉండాల్సిన వాళ్లు ఉన్నారు. మొదటి వారంలోనే మైదాపిండి ఉడకబెట్టి అద్దాలకి పాత పేపర్లు అంటించారు. పేపర్లు పాడయ్యాక చీరలు కట్టారు, చీరలు చిరిగాక దుప్పట్లు, దుప్పట్ల మీద గోనెసంచులు, వాటి మీద కేలండర్లు. వరండా కన్నానికి రేకు వేశారు. అరవై ఏళ్లు గడిచేసరికి అద్దాల క్వార్టర్లని పేరే గాని, అద్దం ఎక్కడుందో వెతికి చూపించాల్సి వచ్చేది. జనం హాయిగా ఉన్నారు. ఇళ్లు కూడా హాయిగానే ఉన్నాయి.

ఆ వరసలో రోడ్డు మలుపు దగ్గర ఇల్లు చిన్నంనాయుడిది. కర్మాగారంలో అతను క్రేన్ నడుపుతాడు. మామూలు క్రేన్ కాదు. కరిగిన ఉక్కు నింపిన పెద్ద బకెట్టుని, గుడిసె అంత ఉంటుంది అది, కొలిమి దగ్గర ఎత్తి షెడ్డు ఈ కొస నుంచి ఆ కొసకి తీసుకెళ్లి దింపాలి. కింద మనుషులు తిరుగుతూ ఉంటారు. పైన గాజు కేబిన్లో అతనొక్కడే కూర్చుని, మీటల మీద చేతులు పెట్టుకుని, కింద సైగలిచ్చే పనివాడు ఎర్రినాయుడి చెయ్యి చూస్తూ నడపాలి. అది రాత్రి షిఫ్టు పని. పొద్దున్నే వచ్చి గంజి తాగి పడుకున్నాడంటే సాయంత్రం దాకా లేవడు. భార్య వరహాలమ్మ ఆ అద్దానికి నల్లటి రగ్గులు రెండు, ఒకదాని మీద ఒకటి, మేకులు కొట్టి బిగించింది. పట్టపగలు లోపల దీపం పెట్టుకోవాలి. ఆమె తన కాపురంలో చేసుకున్న ఏర్పాట్లన్నిటిలోకీ ఆ రగ్గులంటేనే ఆమెకి గర్వం. ఇన్నేళ్ల ఉద్యోగంలో తన మొగుడి బకెట్టు ఒక్కసారి కూడా తొణకలేదంటే అందులో సగం గొప్ప ఆ రగ్గులదేనని ఆమె నమ్మకం. నిజానికి సగం కంటే ఎక్కువే.

ఇలా ఉండగా ఏదో విదేశీ పత్రిక వాళ్లు వచ్చారు. రోడ్డు మీద నిలబడి రెండు రోజులు ఫోటోలు తీసుకుని వెళ్లిపోయి, ఈ ఇళ్లు నడి శతాబ్దపు ఆధునిక నిర్మాణ కళకి మణిపూసలని రాశారు. అంతవరకు ఆ క్వార్టర్లని పడగొట్టి పార్కింగు చేద్దామని ఫైలు నడుపుతున్న యాజమాన్యం, ఆ పత్రిక చూడగానే ఫైలు మూసేసి, వారసత్వ జీవన విభాగం అని ఒకటి తెరిచింది. దానికి అధిపతి ఎస్టేట్ ఆఫీసరు సచ్చిదానందం గారు. సలహాదారు రాజధాని నుంచి వచ్చిన ఋతంభర గారు. ఆవిడ చేనేత చీర, పెద్ద బొట్టు, మెడలో ఇత్తడి పలక వేసుకుని ఉంటారు. ఎవరితో మాట్లాడుతున్నా వాళ్ల వెనకనున్న గోడని చూస్తారు.

విభాగం వారికి పాత బీరువాలో ఒక ఫోటో దొరికింది. ఇళ్లు కట్టిన కొత్తలో, ఎవరూ చేరకముందు తీసింది. అద్దానికి తెర లేదు. అద్దం దగ్గర ఒక పేముకుర్చీ. అందులో తెల్లచొక్కా మనిషి కాలు మీద కాలు వేసుకుని పేపరు చదువుతున్నాడు. ఫోటోగ్రాఫరు బతిమాలి కూర్చోబెట్టిన మనిషని చూస్తేనే తెలుస్తుంది. ఖాళీ ఇంట్లో తెరలెందుకుంటాయని ఇంకెవరైనా అనుకునేవారు. విభాగం వారు మాత్రం ఆ ఫోటోని ఇల్లు వాడుకునే పద్ధతి కింద తీసుకున్నారు.

కమ్యూనిటీ హాల్లో మీటింగు పెట్టారు. సచ్చిదానందం గారు మైకు ముందుకొచ్చి గొంతు సవరించుకున్నారు.

"గౌరవనీయ నివాసులారా, ఇన్నాళ్లూ మీరు ఇళ్లలో కాపురముంటున్నామని అనుకున్నారు. అది సరైన అవగాహన కాదు. మీరు ఒక కళాఖండంలో భాగంగా ఉన్నారు. ఇకమీదట లోపల, బయట అనే తేడాని యాజమాన్యం గుర్తించదు. ఆ తేడాని కలిగించు వస్తువు ఏదైనను, అనగా తెర, దుప్పటి, చాప, కాగితము వగైరా, తక్షణం తొలగించవలెను."

జనంలోంచి వరహాలమ్మ లేచి నిలబడింది.

"బాబూ, మా ఆయన రాత్రి డ్యూటీ. పగలు తొంగుంటారు. అంత ఎలుగులో ఎలగ తొంగుంటారండి?"

సమాధానం చెప్పమని సచ్చిదానందం గారు ఋతంభర గారి వైపు చెయ్యి చాపారు. ఆవిడ వరహాలమ్మ వెనకనున్న గోడని చూస్తూ చిరునవ్వు నవ్వారు.

"అమ్మా, ఆ ఇంట్లో తోటకీ గదికీ మధ్య అరవై ఏళ్లుగా ఒక సంభాషణ జరుగుతోంది. మీ రగ్గు దాన్ని అడ్డుకుంటోంది."

"ఆ మాటలేవో రాత్రిపూట ఆడుకోమనండమ్మా. రాత్రి మా ఇంట్లో ఎవరూ అడ్డురారు," అంది వరహాలమ్మ.

హాలంతా నవ్వింది. నవ్వులని వేదిక మీదున్నవాళ్లు ఆమోదం కింద రాసుకున్నారు.

మర్నాడు పొద్దున్నే రగ్గులు తీసే బృందం వచ్చింది. ముందు కొబ్బరికాయ కొట్టారు. బ్యానరు కట్టారు. అరవై ఏళ్ల పేపర్లు, గోనెలు, కేలండర్లు లారీలకెత్తారు. చిన్నంనాయుడు అప్పుడే డ్యూటీ దిగి వచ్చాడు. తన రగ్గులని ఇద్దరు మనుషులు మడతపెట్టి పట్టుకుపోతుంటే మెట్ల మీద నిలబడి చూశాడు. ఎండ తిన్నగా వచ్చి అతని మంచం మీద పడింది. రోడ్డు మీద సైకిలెక్కి పోతున్న పాలవాడు లోపల మంచాన్నీ, మంచం మీది లుంగీనీ, గోడనున్న దేవుడి పటాన్నీ చూసుకుంటూ వెళ్లి రోడ్డు పక్కనున్న డ్రమ్ముని గుద్దుకున్నాడు.

మొదటి రోజు అతను మోచెయ్యి కళ్ల మీద వేసుకుని పడుకున్నాడు. నిద్ర పట్టలేదు. రెండో రోజు మంచం కిందికి దూరాడు. అక్కడ కాస్త చీకటిగా ఉంది, కునుకు పట్టింది. పట్టిన కాసేపటికి ఎవరో కాలు పట్టుకుని ఊపారు. తనిఖీకి వచ్చిన విభాగం మనిషి.

"నివాసులు ఫర్నిచరు అడుగున ఉండకూడదండి. బయట నుంచి చూసేవాళ్లకి ఇల్లు ఖాళీగా కనిపిస్తుంది."

మూడో రోజు తుండుగుడ్డ తడిపి మొహం మీద కప్పుకున్నాడు. దాని మీద మెమో వచ్చింది. సదరు తుండుగుడ్డ సదరు నివాసి ముఖమునకును ప్రకృతికిని మధ్య అడ్డుగా ఉన్నందున, అది చిన్నదైనను తెరగానే పరిగణించబడును అని అందులో ఉంది. వరహాలమ్మకి ఒళ్లు మండిపోయింది. మెమో పట్టుకుని ఎస్టేట్ ఆఫీసుకి వెళ్లింది.

"మరి కనురెప్పలేటి చెయ్యమంటారు బాబూ? అవీ అడ్డే కదా."

ఆమె ఎగతాళికి అడిగింది. సచ్చిదానందం గారు నవ్వలేదు. కాగితం మీద రాసుకుని, ఇది ఆలోచించవలసిన విషయమే అన్నారు. వారం తర్వాత జవాబు వచ్చింది. కనురెప్పలు మూల నిర్మాణంలో భాగమై, తరువాతి కాలంలో చేర్చినవి కానందున, వాటి వాడకానికి అభ్యంతరం లేదు.

ఈలోగా బస్సులు మొదలయ్యాయి. ఆర్కిటెక్చరు చదివే పిల్లలు, వాళ్ల ప్రొఫెసర్లు, పత్రికలవాళ్లు, ఊరికే చూసిపోదామని వచ్చేవాళ్లు. చిన్నంనాయుడి ఇల్లు మలుపులో ఉంది కాబట్టి రెండు వైపుల నుంచీ కనిపిస్తుంది. అందుకని బస్సు అక్కడ తప్పకుండా ఆగేది. గైడు మైకులో చెప్పేవాడు. "ఇప్పుడు మీరు చూస్తున్నది నివాసి విశ్రాంతి దశ. గమనించండి, ఆయన గదిలో పడుకున్నట్టూ ఉంది, తోటలో పడుకున్నట్టూ ఉంది." పిల్లలు అద్దానికి ముక్కులు ఆనించి బొమ్మలు గీసుకునేవాళ్లు. ఒక అమ్మాయి అద్దం మీద వేలితో తట్టి, "అంకుల్, కొంచెం అటు తిరుగుతారా, నీడ సరిగ్గా పడటం లేదు," అంది. చిన్నంనాయుడు తిరిగాడు. అంత మంచివాడు. మంచివాళ్లతోనే వచ్చింది చిక్కు.

కాలనీలో మిగతావాళ్ల సంగతీ అంతే. స్నానం చేయాలంటే చీకటితో లేచి చేయాలి. భార్యాభర్తలు పోట్లాడుకోవాలంటే బజారుకి వెళ్లి పోట్లాడుకుని రావాలి. తెల్లచొక్కా వేసుకుని పేముకుర్చీలో కూర్చునే డ్యూటీ ఇంటికొకరికి వేశారు. ఆ కుర్చీలో కూర్చున్న మనిషి ఇష్టం లేకపోయినా పేపరు పట్టుకోవాలి. చదువు రానివాళ్లకి మినహాయింపు అడిగితే, తిరగేసి పట్టుకోకుండా ఉంటే చాలన్నారు.

ఒకరోజు వరహాలమ్మ కుళాయి దగ్గరికి వెళ్లొచ్చేసరికి వంటింట్లో ప్రెషర్ కుక్కరు లేదు. అద్దాల తలుపు మూయకూడదన్నారు కాబట్టి ఎవరో వచ్చి పట్టుకుపోయారు. సెక్యూరిటీ ఆఫీసుకి పరుగెత్తింది. అక్కడి ఇనస్పెక్టరు శ్రద్ధగా విని పెన్ను తీసి మళ్లీ పెట్టేశాడు.

"ఇంట్లో చొరబడ్డాడని రాయాలమ్మా. చొరబడ్డాడంటే బయట నుంచి లోపలికి వచ్చినట్టు. లోపల, బయట అని తేడా లేదని పై నుంచి ఆర్డరుంది. మరి వాడు ఎక్కణ్ణించి ఎక్కడికి వచ్చినట్టు?"

"నా కుక్కరు పోనాదండి."

"పోలేదమ్మా. ఆరుబయటే ఎక్కడో ఉంటుంది. ఆరుబయట కూడా మీ ఇల్లే కదా."

కుక్కరు పోతే పోయిందనుకుంది వరహాలమ్మ. ఆమె బెంగంతా మొగుడి కళ్ల గురించే. కింది రెప్పలు వాచిపోయి, కళ్లు ఎర్రగా, అన్నం కలుపుతూ కలుపుతూ చెయ్యి ఆపేసి ఎటో చూస్తున్నాడు. ఒక తెర కట్టుకుంటామని, ఒక్కటే తెరని, అర్జీ రాయించి పెట్టింది. అర్జీ మీద కమిటీ కూర్చుంది. ఋతంభర గారు రెండు సార్లు విమానంలో వచ్చి వెళ్లారు. చివరికి మంజూరైంది. సచ్చిదానందం గారే స్వయంగా జీపులో వచ్చి అందించారు.

"మీ ఇబ్బందిని యాజమాన్యం సానుభూతితో పరిశీలించింది. తెర మంజూరు చేశాం."

విప్పి చూస్తే పారదర్శకమైన ప్లాస్టిక్ తెర. అవతల జీపు నంబరు కూడా చదవొచ్చు.

"ఇందులోంచి అన్నీ అగుపిస్తన్నాయి కదండి," అన్నాడు చిన్నంనాయుడు నెమ్మదిగా.

"అందుకే మంజూరైంది," అన్నారు సచ్చిదానందం గారు.

ఆ వారంలోనే జరిగింది. షిఫ్టు అయిపోవచ్చింది, షెడ్డు రేకుల సందుల్లోంచి తెల్లటి వెలుగు వస్తోంది. చిన్నంనాయుడు నిండు బకెట్టు ఎత్తుకుని మధ్యకొచ్చాడు. కింద ఎర్రినాయుడు చెయ్యి పైకెత్తి ఆగమన్నాడు. చిన్నంనాయుడు ఆ చెయ్యి చూశాడు. తర్వాత చూసేసరికి ఆ చెయ్యి అక్కడ లేదు, ఎర్రినాయుడు పక్కకి దూకి నేల మీద పడి ఉన్నాడు, బకెట్టు ఊగుతోంది, అంచు మీంచి ఉక్కు చుక్కలు రాలి నేల మీద నిప్పులై ఎగురుతున్నాయి. మధ్యలో ఏం జరిగిందో చిన్నంనాయుడికి తెలియదు. కన్ను మూతపడిందని మాత్రం తెలిసింది. ఎన్నేళ్లుగానో ఆ మనుషుల తలల మీదుగా నిప్పుని మోస్తున్నాడు గాని, వాళ్ల గురించి అంత భయం ఎప్పుడూ వేయలేదు. బకెట్టుని ఎవరూ లేని చోట దింపి, మీటలు వదిలేసి, నిచ్చెన దిగి వచ్చి ఎర్రినాయుడి భుజాలు పట్టుకుని తడిమి చూశాడు. ఏమీ కాలేదు. చిన్నంనాయుడికి ఏడుపొచ్చింది.

షిఫ్టు ఇన్‌చార్జి పరుగెత్తుకొచ్చి, ఎందుకు దిగావన్నాడు.

"నాకు నిద్దరొస్తంది సార్. ఇంక నాను ఎక్కను. ఎక్కితే మనిసిని సంపేస్తాను."

ఆ పూట ఉత్పత్తి ఆగింది. ఉత్పత్తి ఆగితే పెద్దవాళ్లు కదులుతారు. విచారణ పెట్టారు. పొడుగు బల్లకి అటు వైపు సచ్చిదానందం గారు, ఋతంభర గారు, ఇంకో ఇద్దరు. ఇటు వైపు చిన్నంనాయుడు. తలుపు దగ్గర వరహాలమ్మ.

"అదే నమూనా ఇళ్లలో మిగతా కుటుంబాలన్నీ ఆనందంగా ఉన్నాయి. మీకొక్కరికే నిద్ర ఎందుకు పట్టడం లేదో వివరించండి," అన్నారు సచ్చిదానందం గారు.

"ఎలుగండి."

"వెలుగు ఒక సమస్యగా మీరు భావించడమే సమస్య," అన్నారు ఋతంభర గారు, గడియారం కేసి చూస్తూ.

"అమ్మా, నా కింద మనుసులున్నారు. ఆళ్లకి పెళ్లాం పిల్లలున్నారు. నాకు ఇల్లొద్దు, అద్దం వద్దు. పగలు సీకటి ఒక్కటి ఇప్పించండి. మీకు దండం పెడతాను," అన్నాడు చిన్నంనాయుడు. నిజంగానే చేతులు జోడించాడు.

బల్ల అవతల వాళ్లు గుసగుసలాడుకున్నారు. సానుభూతి ఎంత అవసరమో క్రమశిక్షణా అంతే అవసరమని తేల్చుకున్నారు. సాయంత్రానికి తీర్పు వచ్చింది. చిన్నంనాయుడు ఆధునిక జీవనానికి అనర్హుడు. అతన్ని వారసత్వ క్వార్టరు నుంచి తొలగించి, రైలు పట్టాల పక్కనున్న పాత సిమెంటు గోడౌనులో ఉంచడమైనది. అందులో కిటికీలు లేవు. గోడలు మూరెడు మందం. ఇనుప తలుపు ఒక్కటే, గాలికి కప్పు కింద నాలుగు ఇటుకల ఖాళీ, వెలుగు రాకుండా దానికి వంచిన రేకు. ప్రకృతితో ఏ విధమైన సంబంధమూ లేకుండా నిరవధికంగా ఉండాలన్నది శిక్ష. ఆర్డరు చదివేటప్పుడు సచ్చిదానందం గారి గొంతు కూడా కాస్త వణికింది.

సామాన్లు బండికెత్తుతుంటే వరహాలమ్మ ఏడ్చింది. చుట్టుపక్కల ఆడవాళ్లు వచ్చి ఓదార్చారు. అక్కడికి చేరాక ఆమె గోడౌను ఊడ్చి, నేలంతా నీళ్లు చల్లి, మంచం వేసి, చిన్నంనాయుడిని లోపలికి పిలిచి ఇనుప తలుపు మూసింది. తన చెయ్యి తనకి కనపడలేదు. ఆమె ఏడుపు ఆపింది.

"ఏవండీ," అని పిలిచింది.

జవాబుగా గుర్రు వినిపించింది.

మర్నాడు షిఫ్టులో బకెట్టు దారం కట్టి లాగినట్టు వెళ్లింది. ఆ మర్నాడూ అంతే. చిన్నంనాయుడి మొహం నున్నగా తేరుకుంది. అన్నం రెండోసారి వేయించుకుని తిన్నాడు. ఎలా ఉందని కాలనీవాళ్లు జాలిగా అడిగితే, ఏముంది, కటిక చీకటి, బయట ఏనుగు పోయినా తెలీదు, అన్నాడు. విన్నవాళ్ల కళ్లు మెరిశాయి.

రెండు రోజుల్లో ఎస్టేట్ ఆఫీసు ముందు బారు తయారైంది. నేరాలు ఒప్పుకోవడానికి వచ్చినవాళ్ల బారు అది. ఒకాయన తాను అద్దానికి దుప్పటి కట్టానన్నాడు. సాక్ష్యానికి దుప్పటి తెచ్చాడు. ఒకావిడ తన ఇంట్లో చాప దాచానంది. పేముకుర్చీలో కూర్చుని పేపరు చదవకుండా కళ్లు మూసుకున్నానని ఇంకొకాయన లిఖితపూర్వకంగా ఒప్పుకున్నాడు. అందరూ కఠినంగా శిక్షించమన్నారు. పాత గోడౌన్లు ఇంకెన్ని ఉన్నాయో కూడా వాళ్లే విచారించుకుని వచ్చారు. క్రమశిక్షణ ఇంత త్వరగా ఫలిస్తుందని విభాగం అనుకోలేదు. ఒప్పుకున్న వాళ్లందరినీ క్షమించి అద్దాల ఇళ్లకే తిప్పి పంపింది. శిక్ష పడాలంటే ముందు క్రేన్ ఆపాలని జనానికి అర్థమైంది గాని, అందరికీ క్రేన్లు ఎక్కడివి?

ఒక మధ్యాహ్నం గోడౌను తలుపు ఎవరో తట్టారు. వరహాలమ్మ తీసింది. సచ్చిదానందం గారు. చంకలో ఫైలు ఉంది. కళ్లు రెండూ ఎర్రగా వాచి ఉన్నాయి. ఆ ఎరుపుని ఆమె ఎరుగును.

"తనిఖీ. లోపల చీకటి ఆర్డరు ప్రకారం ఉందో లేదో ధ్రువీకరించాలి."

లోపలికి వచ్చారు. తలుపు మూయమన్నారు. మూసింది. చిన్నంనాయుడు లేచి కూర్చుని, మంచం మీద కాస్త జరిగాడు. చీకట్లో మంచం కిర్రుమంది.

"మా బంగళాకి నాలుగు వైపులా అద్దమేనయ్యా," అన్నది చీకట్లోంచి సచ్చిదానందం గారి గొంతు. "బస్సులు ముందు మా ఇంటి దగ్గరే ఆగుతాయి. నేను ఆదర్శ నివాసిని. రాత్రుళ్లు కూడా లైట్లేసి చూపిస్తున్నారు. నేను పడుకుని నెల దాటింది."

"ఆ ఆర్డరు మీరే తీసేయొచ్చు కదండి," అంది వరహాలమ్మ.

"నేనే రాశాను కదమ్మా. నేనే ఎలా తీసేస్తాను," అన్నారాయన. చివరి మాట సగంలోనే ఆగిపోయింది.

ఆయన నిద్రపోయారు. వరహాలమ్మ మొగుడి చెవిలో చెప్పింది. లేపి, తెర కట్టుకోవచ్చని ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుంటే కాలనీ అంతా బాగుపడుతుందని. ఇంతకంటే మంచి అదను రాదని. చిన్నంనాయుడు ఆ చీకట్లో ఆయన గుర్రు విన్నాడు. నిద్ర లేని మనిషి ఎలా ఉంటాడో అతనికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. కోపం రావాల్సిందే, రాలేదు. జాలేసింది.

"తొంగోనీవే. పాపం. లేసినాక అడుగుదాం," అన్నాడు. గిన్నెలు చప్పుడు చెయ్యొద్దని కూడా చెప్పాడు.

సచ్చిదానందం గారు పొద్దు వాలాక లేచారు. మొహం కడుక్కున్నారు, వరహాలమ్మ ఇచ్చిన టీ తాగారు. తెర సంగతి ఆమె అడిగితే, తప్పకుండా, మీ మేలు మరిచిపోను, అన్నారు. ఆయన కళ్లు తేటగా, దయగా ఉన్నాయి. తలుపు దగ్గర ఆగి గోడౌను మొత్తం ఒకసారి కలయజూసి వెళ్లారు.

మర్నాడు ఆర్డరు వచ్చింది. శిక్షా కాలంలో చిన్నంనాయుడి నడవడిక సంతృప్తికరంగా ఉన్నందున యాజమాన్యం దయతో అతని శిక్షని రద్దు చేసి, వారసత్వ క్వార్టరుని అతనికి తిరిగి ఇచ్చింది. ఖాళీ అయిన గోడౌనుని ఎస్టేట్ ఆఫీసరు వారి ప్రత్యేక తనిఖీ కేంద్రంగా కేటాయించారు. అందులో మధ్యాహ్నం పూట ఎవరూ తలుపు తట్టరాదని చివర్న ఒక గమనిక కూడా ఉంది. వరహాలమ్మ ఆ కాగితం చదివించుకుని, మొగుడితో ఒక్క మాట కూడా మాట్లాడకుండా సామాన్లు సర్దింది. అతనికీ ఆమెతో మాట్లాడే మొహం లేదు.

మళ్లీ బస్సులు ఆగాయి. మళ్లీ పిల్లలు బొమ్మలు గీశారు. అయిదో నాటికి చిన్నంనాయుడికి అన్నం ఎటు నుంచి తింటున్నాడో తెలియకుండా పోయింది. ఈసారి క్రేన్ దిగితే ఉద్యోగం తీసేస్తామని షిఫ్టు ఇన్‌చార్జి ముందే చెప్పి ఉంచాడు. ఆ రాత్రి షిఫ్టు మొదలయ్యే ముందు అతను నిచ్చెన ఎక్కకుండా తిన్నగా కిందనున్న మనుషుల దగ్గరికి వెళ్లాడు. ఎర్రినాయుడూ, మిగతావాళ్లూ బీడీలు ఆర్పి లేచారు.

"ఒరే ఎర్రినాయుడూ, నాకు నిద్ర నేదురా. నాను పైనున్నంతసేపు మీలో ఒకడైనా నా కేసే సూస్తా ఉండండి. నా తల వాలినట్టు అగుపిస్తే కేకెయ్యండి. అందరూ దూరంగా పొండి," అన్నాడు.

ఎర్రినాయుడు చేతి తొడుగులు వేసుకుంటూ మొహం పైకెత్తాడు. దీపం వెలుగులో అతని కళ్లూ ఎర్రగా, కింది రెప్పలు వాచి ఉన్నాయి.

"సూస్తామన్నా. మాదీ అద్దాల క్వార్టరే," అన్నాడు.